కాలు నేలకందే సైకిలు

నిరుడు అక్టోబరు పదకొండో తేదీ, శనివారం. ఆ మధ్యాహ్నం మా ఇంట్లో కంద బచ్చలి కూర, మజ్జిగ పులుసు, వేయించిన ఊరమిరపకాయలు. కంద బచ్చలికి ఆవ పెట్టడంలో మా అక్కయ్య వెంకటదుర్గది తిరిగిన చెయ్యి. ఆ రోజు మాత్రం మొదటి ముద్దకే ఘాటు ముక్కుకెక్కి కళ్ల వెంట నీళ్లొచ్చాయి. కోపం వచ్చిన రోజున ఆవిడ ఆవ కాస్త ఎక్కువ నూరుతుంది. ఆ సంగతి నాకూ తెలుసు, మా అమ్మాయి హారికకూ తెలుసు. ఇద్దరం తలలు వంచుకుని తిన్నాం.

కోపం సైకిలు మీద. ఇంకా కొనని సైకిలు మీద.

హారిక ఎమ్మెస్సీ చదివి, కాట్రేనికోనలో రొయ్యల చెరువుల నీళ్లు పరీక్ష చేసే ల్యాబులో చేరింది. తెల్లవారేసరికి చెరువుల్లో ప్రాణవాయువు బాగా తగ్గిపోతుంది. రొయ్యకి గండం ఆ వేళే. అందుకని పొద్దెక్కకముందే గట్ల మీద తిరిగి సీసాల్లో నీళ్లు పట్టాలి. ఆగస్టు వానల్లో అలా వెళ్లినప్పుడే స్కూటరు జారి చెరువులో పడింది. అమ్మాయి కాలు దాని కింద ఇరుక్కుంది. నడుం లోతు నీళ్లు, కింద బురద, పైన స్కూటరు. పడడంలో హారను నొక్కుకుపోయి ఆగకుండా మోగిందట. అది విని చెరువుల కాపలావాడు దానం పరుగెత్తుకొచ్చి ఎత్తాడు. ఆ హారను పాడవడం మా ఇంటికి జరిగిన మేలు. ఇప్పటికీ రోడ్డు మీద ఎవరిదైనా హారను ఇరుక్కుపోయి మోగుతుంటే అందరూ చెవులు మూసుకుంటారు, నేను మనసులోనే దణ్ణం పెట్టుకుంటాను.

కాలికట్టు విప్పాక హారిక మళ్లీ పనిలోకి వెళ్తానంది. ఈసారి అప్పగించిన చెరువులు ఉప్పుటేటికి అవతల ఉన్నాయి. వానలకి రోడ్డు దారి కోసుకుపోయింది. ఇంక ఉన్నది పొలాల మధ్య పుంత దారే. పుంత దాటితే మురుగుకాలువ గట్టు, ఆ గట్టు మీద నుంచి ఏటిలోకి నిటారుగా ఒక దిగుడు, దిగుడు చివర రెండు కొబ్బరి దుంగలు పడేసిన వంతెన. బండిని భుజాన వేసుకుని దాని మీద నడిచి దాటాలి. స్కూటరుతో అయ్యే పని కాదు.

"మౌంటెన్ బైక్ కొనుక్కుంటాను నాన్నా. గట్లకీ, బురదకీ తయారుచేసిన సైకిలు. పడినా మీద పడి నొక్కెయ్యదు," అంది.

"కొండలెక్కే సైకిలా?" అంది అక్కయ్య వంటింట్లోంచి. "ఈ సీమలో కొండెక్కడుందే అమ్మడూ? దాన్నేసుకుని కొబ్బరిచెట్టు ఎక్కుతావా?"

"గట్లు దిగుతానత్తయ్యా."

"దిగింది చాలు. ఒకసారి చెరువు దాకా దిగేవు కదా."

నా భార్య సావిత్రి పోయినప్పటి నుంచీ అక్కయ్య మాతోనే ఉంటోంది. బావగారు మస్కట్‌లో ఉంటారు. పిల్లల్లేరు. హారికకి జడ వేసి కాలేజీకి పంపింది ఆవిడే. ఆ రోజు చెరువు నుంచి తెచ్చిన బురద బట్టలు ఉతికింది కూడా ఆవిడే. ఆ బురద ఆవిడ గోళ్లలోంచి పోయిందేమో కానీ, మనసులోంచి పోలేదు. ఉద్యోగం మానెయ్యమని ఆవిడ పట్టు, మాననని ఈ పిల్ల పట్టు.

నేను ఎటూ తేల్చలేదు. నాకు కావలసింది ఒకటే. ఉప్పుటేటి దిగుడులో ఆ సైకిలు ఆగాలి. ఆగకపోతే ఎదురుగా ఏరు. సముద్రపు పోటు వేళ ఆ ఏటిలో పడితే పైకి తేలడం ఈత వచ్చినవాడికే కష్టం. హారికకి ఈత రాదు.

భోజనం కాగానే ఇద్దరం అమలాపురం బస్సెక్కాం. అక్కయ్య వీధిలోకి కూడా రాలేదు.

*

బుచ్చిరాజు గారి సైకిల్ కొట్టు బజారు వెనక వీధిలో ఉంటుంది. నేను కాలేజీలో చదివే రోజుల్లో ఆయన తండ్రిగారు అక్కడే సైకిళ్లు అద్దెకిచ్చేవారు. ఇప్పుడు లోపలంతా రంగురంగుల చక్రాలు, పైకప్పు నుంచి వేలాడే ఫ్రేములు.

"రండి రండి ఆదినారాయణ గారూ. అమ్మాయిగారికాండి? ఆయ్, చూద్దారి, చూద్దారి. ఎక్కడ తొక్కుతారండి?"

"పుంతల్లోనండి. చెరువు గట్లు. ఉప్పుటేటి దిగుడు," అంది హారిక. ఇరవై వేలు దాటకూడదని కూడా చెప్పింది. తన జీతంతోనే కొనుక్కుంటానని ఇంట్లోనే ఖాయం చేసుకుని వచ్చింది.

ఆయన ఒక్క క్షణం నా ముఖంలోకి చూశారు. దిగుడు ఆయన ఎరిగిందే.

గుమ్మం పక్కనే పసుపుపచ్చ సైకిలొకటి ఉంది. ముందొక స్ప్రింగు, సీటు కింద మరొక లావుపాటి స్ప్రింగు. నా చూపు దాని మీదే ఆగిపోయింది. అంత స్ప్రింగున్న బండి ఎంత దెబ్బనైనా తనే కాస్తుందనిపించింది.

"ఇది బావుందండి, గట్టిగా ఉంది," అన్నాను.

"కుర్రాళ్లంతా అదే అడుగుతారండి. నేనైతే మీకు ఇవ్వను."

"అదేంటండీ, అమ్మేవారే వద్దంటే ఎలాగా?"

"ఇవాళ అమ్మేస్తే వారానికి నా కొట్టుకే తెస్తారండి, నన్ను తిట్టుకుంటా. ఈ ధరలో ఆ వెనక స్ప్రింగు బొమ్మ గుర్రానికి కళ్లెం లాంటిదండి. పని చెయ్యదు. బరువు మాత్రం నిఖార్సైన బరువు. ఏదీ అమ్మా, ఓసారి లేపండి."

హారిక వంగి లేపింది. నడుము దాకా వచ్చింది, భుజానికి రాలేదు. కట్టు విప్పిన కాలు వణకడం నాకు కనిపించింది. దుంగల మీద నడుస్తూ ఆ కాలు అలాగే వణికితే? నేను వెంటనే ఆ పసుపుపచ్చ సైకిలు వైపు చూడడం మానేశాను.

తర్వాత ఆయన ఇంకోరకం తీశారు. ముందు మాత్రమే స్ప్రింగు, అల్యూమినియం ఫ్రేము, బొడిపెలున్న వెడల్పు టైర్లు. హారిక భుజాన వేసుకుని కొట్టు చివరిదాకా నడిచి వచ్చింది. ఆ రకంలోనే రెండు సైజులున్నాయి. పెద్దది నీలం, చిన్నది బూడిద రంగు. అమ్మాయి చెయ్యి నీలం దాని మీదకే పోయింది. ఫోనులో వారం రోజులుగా చూసుకుంటున్నది అదేనట.

"తొక్కి రండమ్మా. వెనక సందులోంచి తిరిగి రండి," అన్నారు బుచ్చిరాజు గారు.

తొక్కుతూ వెళ్తుంటే చూడముచ్చటగా ఉంది. ఎత్తు మీద కూర్చుని, వీపు నిటారుగా పెట్టుకుని వెళ్లింది. సందు మలుపులో ఒక ఆటో అడ్డం వచ్చింది. బ్రేకు వేసింది, సైకిలు ఆగింది, కాలు కింద పెట్టబోయింది. కాలు అందలేదు. మునివేళ్లు నేల మీద జారాయి. సైకిలు పక్కకి ఒరిగింది. ఆటో రేకు పట్టుకుని నిలదొక్కుకుంది.

"అక్కా, నా బండి కొనుక్కుంటావా ఏంటి, అంత గట్టిగా పట్టుకున్నావ్?" అన్నాడు ఆటో అతను. హారిక నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అక్కడ ఆటో ఉంది. దిగుడులో పట్టుకోవడానికి ఏముంటుంది?

"చిన్నది చూడమ్మా," అన్నాను.

"బూడిద రంగు నాన్నా! గేదెలా ఉంది."

"గేదె బురదలో బాగా నడుస్తుంది."

బుచ్చిరాజు గారు పెద్దగా నవ్వారు. "నాన్నగారు చెప్పింది సరైన మాటండి. రంగు తర్వాత సంగతి. రెండు కాళ్లూ నేలకి ఆనాలి, మధ్య గొట్టానికీ మనిషికీ ఖాళీ ఉండాలి. పడేటప్పుడు ఆ ఖాళీలోంచే కదండీ బయటికొచ్చేది."

హారిక పెదవి బిగించింది. నేను దానితో వాదించడం తక్కువ. పట్టుదల సావిత్రి సొత్తు, నాది కాదు. ఆ ఒక్కసారి మాత్రం నేను కదల్లేదు. "నీలం దానికి నేను ఒప్పుకోను," అన్నాను. అమ్మాయి నా వైపు కాసేపు చూసి, బూడిద రంగు సైకిలెక్కి సందులోకి వెళ్లింది. తిరిగొచ్చి దాని గంట ఒకసారి మోగించింది.

చివరికి బ్రేకులు. మామూలు రబ్బరు బ్రేకులు బురదకి మూసుకుపోతాయనీ, డిస్కు బ్రేకులే పెట్టించుకోమనీ చెప్పారు. చక్రం మధ్యలో పళ్లెంలా మెరుస్తున్న ఆ డిస్కుని వేలితో చూపించారు.

"ఒక్క మాట గుర్తుంచుకోండమ్మా. గొలుసుకి ఈ సీసాలో నూనె పెట్టండి. ఈ డిస్కుకి మాత్రం నూనె చుక్క తగలనివ్వకండి. తగిలిందా, ఇంక మీరు బ్రేకు నొక్కుతా ఉంటారు, అది పోతా ఉంటది."

"ఆయ్," అంది హారిక. నేనూ విన్నాను.

*

ట్రాలీ ఆటోలోంచి సైకిలు దింపేసరికి అక్కయ్య గుమ్మంలో నిలబడి ఉంది.

"ఆ చక్రాలు నా గడప దాటడానికి వీల్లేదు," అంది.

"సరే అత్తయ్యా."

కొబ్బరికాయలు పోసే కొట్టులో, కాయల గుట్టకీ గోడకీ మధ్య సైకిలు పెట్టింది హారిక. ఆదివారం పొద్దున్న మా తోటలో మొక్కల మధ్య తొక్కి అలవాటు చేసుకుంది. నేను అమ్మాయిని కాలువ గట్టు మీదకి తీసుకెళ్లి, పై నుంచి దిగమని, మధ్యలో ఆగమని అడిగాను. ఆగింది. మళ్లీ దిగమన్నాను. మళ్లీ ఆగింది. చక్రం కింద మట్టి చెదిరింది కానీ సైకిలు కదల్లేదు.

"ఇంకోసారా నాన్నా?"

"ఇంకోసారి."

నాకు ధైర్యం వచ్చేదాకా ఆ పిల్ల విసుక్కోకుండా దిగుతూనే ఉంది.

అక్కయ్య రోజంతా మాతో మాట్లాడలేదు. సాయంత్రం మేం ఇద్దరం పెరట్లో ఉండగా కొబ్బరికాయల కొట్టులో దీపం వెలిగింది. లోపల ఆవిడ ఏదో తుడుస్తున్న చప్పుడు. కొడవలికో గునపానికో నూనె పెడుతోందనుకున్నాను. సముద్రం దగ్గర ఊళ్లలో ఉప్పుగాలికి ఇనుము నిలవదు. మా ఇంట్లో గేటు మడతబందుల దగ్గర నుంచి కుట్టుమిషను దాకా ఇనుమన్న ప్రతి వస్తువుకీ అక్కయ్య ఆదివారం ఆదివారం కొబ్బరినూనె రాస్తుంది. మా అమ్మ రాసేది, ఆవిడ రాస్తుంది. నేను ఆ దీపం చూసి తల తిప్పుకున్నాను.

సోమవారం చీకటి పూర్తిగా విడకముందే హారిక బయల్దేరింది. నేను కాఫీ గ్లాసుతో అరుగు మీదకి వచ్చి ఆశ్చర్యపోయాను. సైకిలు హ్యాండిలుకి పసుపు, కుంకుమ. ముందు చక్రం కింద నిమ్మకాయ. అక్కయ్య గేటు దగ్గర నిలబడి ఉంది. చేతిలో టిఫిను డబ్బా.

"మినపరొట్టె. ఆకలేస్తే తిను. రాత్రేమీ తినలేదు."

"అత్తయ్యా!"

"ఏం లేదులే. పో. నెమ్మదిగా పో. ఆ దిగుడు దగ్గర దిగి నడు."

"దిగి నడవడానికి సైకిలెందుకు అత్తయ్యా?"

"అయితే నీ ఇష్టం. నామాట ఎప్పుడు విన్నావు కనక."

నిమ్మకాయ పటుక్కుమంది. అమ్మాయి వీధి మలుపు తిరిగేదాకా అక్కయ్య అక్కడే నిలబడింది. పంతం మనిషి పంతం వదిలితే ముఖం ఎంత తేలికపడుతుందో ఆ వెలుతుర్లో చూశాను. ఆ పొద్దున నాకు అంతకంటే మంచి సంగతి ఏమీ కనబడలేదు.

కాయలు దింపేవాళ్లు వస్తారని, తాడు తీద్దామని కొట్టులోకి వెళ్లాను. నేల మీద ఇత్తడి గిన్నె, అడుగున కొబ్బరినూనె. పక్కన పాత చీర ముక్క. దాని మీద నల్లటి చార, ఆ చార చివర వంపు తిరిగి సగం చంద్రుడిలా ఉంది.

గుడ్డ చేతిలోకి తీసుకున్నాను.

"అక్కయ్యా, ఇదేంటి?"

"అదా," అంది గుమ్మంలోంచి, కాస్త సిగ్గుపడుతూ. "ఎలాగూ కొన్నారు కదా. ఉప్పుగాలికి తినేస్తుందని నిన్న మొత్తం తుడిచి నూనె పెట్టేను. చక్రాల మధ్య ఆ వెండి పళ్లేలు రెండూ చూసేవా? అద్దాల్లా మెరిసేయి."

శనివారం బుచ్చిరాజు గారు చెప్పిన ముక్క ఇంటికొచ్చి ఈవిడకి ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. సైకిలు పేరెత్తితే గొడవని ఇద్దరం నోరు మూసుకున్నాం.

ఫోను చేశాను. మోగింది, మోగింది, ఆగింది. మళ్లీ చేశాను. ఫోను సంచిలో ఉంటుంది, సంచి వీపున ఉంటుంది. గాలిలో ఏం వినపడుతుంది?

"ఏమైంది తమ్ముడూ? అలా ఉన్నావేంటి?"

"సీసా మర్చిపోయింది. ఇచ్చొస్తాను."

"ఇచ్చి రా మరి. లేకపోతే పిల్ల మళ్లీ వెనక్కి తిరగాలి," అంటూ స్కూటరు తాళం తనే తెచ్చి ఇచ్చింది.

*

మంచి రోడ్డు మీద బ్రేకుతో పని ఉండదు. పుంతలో బురదే బ్రేకు. హారికకి బ్రేకు అవసరమయ్యే మొదటి చోటు దిగుడే. తొక్కుతూ వెళ్లే మనిషికీ నాకూ మధ్య ఎంత దూరం ఉంటుందో లెక్క వేసుకుంటూ స్కూటరు నడిపాను. లెక్క కుదిరేలాగే ఉంది.

కొబ్బరి పీచు డొక్కల లారీ పుంత మొదట్లో అడ్డంగా నిలబడి ఉంది. ఎక్కించేవాళ్లు గోనెసంచులు దారి నిండా పరిచారు.

"బాబూ, కాస్త దారివ్వండి. మా అమ్మాయి ముందుకెళ్లింది."

"ఆయ్, ఇందాక వెళ్లేరండి. సైకిలు మీద మంచి స్పీడుగా వెళ్లేరు."

"బ్రేకు లేదు బాబూ దానికి!"

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. వాళ్లు ఇంకేమీ అడగలేదు. పైన సంచి ఎత్తుకున్న మనిషి దాన్ని కాలువలోకే గిరాటు వేసి, పక్కవాడితో కలిసి నా స్కూటరు వెనక పట్టుకుని డొక్కల మీదుగా ఎత్తి అవతల పెట్టారు. ఆ సంచి ఎవరిదో, దాని నష్టం ఎవరు భరించారో ఇప్పటికీ తెలియదు. తర్వాత అడిగితే నవ్వేసి ఊరుకున్నారు.

మురుగుకాలువ గట్టెక్కాక స్కూటరు జారడం మొదలుపెట్టింది. దాన్ని అక్కడే పడేసి పరుగెత్తాను. రాత్రి వానకి గట్టు మట్టి మెత్తగా ఉంది. దాని మీద ఒకే ఒక చక్రం జాడ, బొడిపెలు అచ్చుగుద్దినట్టు ఉన్నాయి. అదే ఆనవాలుగా పరుగెత్తాను. ఏటి నుంచి గాలి వస్తోంది. పోటు వాసన. పోటు వేళ గాలికి ఉప్పు ఎక్కువ.

దిగుడు మొదటికి వచ్చి ఆగాను.

జాడ దిగుడులోకి దిగింది. ఆగినట్టు లేదు. ఆదివారం కాలువ గట్టు మీద బ్రేకు వేసినప్పుడల్లా మట్టి చెదిరి పక్కకి పడడం నేను దగ్గరుండి చూశాను. ఇక్కడ మట్టి చెదరలేదు. గీత గీసినట్టు నున్నగా కిందికి పోయింది. సగం దాకా కనిపించి, గడ్డిలో మాయమైంది.

కింద ఏరు నిండుగా ఉంది. నీళ్లు దుంగలని తాకుతున్నాయి. దుంగల పక్కన సైకిలు. ముందు చక్రం నీళ్లలో, వెనక చక్రం గాలిలో. హ్యాండిలు మీద పసుపు ఇంకా ఉంది. టిఫిను డబ్బా మూత ఒకటి నీటి మీద తిరుగుతోంది.

మనిషి లేదు.

"హారికా!"

పిలిచానో, పిలిచాననుకున్నానో తెలియదు. కూర్చుని జారుతూ దిగాను. గడ్డిలో ఒక చెప్పు దొరికింది. దాన్ని చేత్తో పట్టుకుని నీళ్లలోకి చూస్తున్నాను. గోధుమరంగు నీళ్లు. అడుగు కనబడదు. నాకూ ఈత అంతగా రాదు. అయినా దుంగ పట్టుకుని ఒక కాలు దింపాను.

"అయ్యగారండోయ్! దిగకండి! ఇటండీ, ఇటు!"

ఏటికి అవతల పాక ముందు, ఇప్పుడు ఈ చెరువుల కాపలాకి మారిన దానం నిలబడి చేతులు ఊపుతున్నాడు. అతని వెనక, తిరగేసిన మేత తొట్టి మీద, ఒంటికాలి చెప్పుతో హారిక కూర్చుని ఉంది.

దుంగల మీద ఎలా దాటానో గుర్తులేదు. అమ్మాయి మోచెయ్యి గీరుకుపోయి రక్తం వస్తోంది. గడ్డం మీద మట్టి. నేను దాని తల, చేతులు, కట్టు విప్పిన కాలు, అన్నీ తడిమి చూశాను.

"బానే ఉన్నాను నాన్నా. బానే ఉన్నాను. మీరు కూర్చోండి ముందు."

"ఎలా అమ్మా? ఎలా ఆగేవు?"

"ఆగలేదు. బ్రేకు నొక్కితే అది పోతూనే ఉంది. ఎదురుగా నీళ్లు. కాళ్లు రెండూ కింద ఆనించేను. ఈడ్చుకుపోయింది కానీ, కొంచెం నెమ్మదించింది. ఇంక దాన్ని కాళ్ల మధ్య నుంచి వదిలేసి గడ్డిలోకి పడిపోయేను. అది ఒక్కతే ఏటి దాకా పోయింది. దానం వచ్చి నన్ను ఇటు దాటించేడు." కాళ్ల వైపు చూసుకుని అంది, "నీలం దానికైతే కాలు అందేది కాదు."

నేను తల ఊపాను.

దానం గ్లాసుతో టీ తెచ్చి నా చేతిలో పెట్టాడు. తర్వాత పాకలోంచి చిన్న సీసా తెచ్చాడు. "ఆ దెబ్బ మీద కొంచెం కొబ్బరినూనె రాయమంటారాండి? చల్లగా ఉంటదండి."

హారిక సీసా వంక చూసింది, నా వంక చూసింది. ఒక్కసారిగా పగలబడి నవ్వింది. నవ్వుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"వద్దు దానం. ఇవాళ్టికి రాసింది చాలు."

అప్పుడర్థమైంది, పడ్డాక డిస్కు వాసన చూసిందని.

"అత్తయ్యేనా?" అంది మెల్లగా.

"ఊఁ. తుప్పు పడుతుందని. నిన్న సాయంత్రం."

"నిమ్మకాయ పెడుతున్నప్పుడే అనుకున్నాను, ఏదో మనసు మెత్తబడిందని." మోచెయ్యి చూసుకుంది. "పాపం."

"చెప్పకు తల్లీ. వింటే తట్టుకోదు. కుక్క అడ్డమొచ్చిందందాం."

"చెప్పకపోతే వచ్చే ఆదివారం మళ్లీ రాస్తుంది నాన్నా."

హారిక లేచి, కుంటకుండా నడిచి, చెరువు గట్టెక్కి సీసాల్లో నీళ్లు పట్టింది. నేను పెట్టె మోశాను. బుచ్చిరాజు గారికి ఫోను చేస్తే, బ్రేకు ప్యాడ్లు నూనె పీల్చేసి ఉంటాయి, ఇంక పనికిరావు, సాయంత్రం తెస్తే కొత్తవి వేసి డిస్కు స్పిరిటుతో తుడుస్తానన్నారు. "పిల్ల బావుందా అండి?" అని రెండు మూడుసార్లు అడిగారు.

*

ప్యాడ్లు మార్పించుకుని ఇంటికొచ్చేసరికి దీపాలు పెట్టారు. హారిక పొడుగుచేతుల చొక్కా వేసుకుంది. అక్కయ్య కంచాలు పెట్టింది. ఆ పూట దోసకాయ పప్పు, అందులో ఏ ఘాటూ లేదు.

"ఎలా నడిచిందే అమ్మడూ నీ కొండ సైకిలు?"

నేను అన్నం కలుపుతూ చెయ్యి ఆపాను. హారిక నీళ్లు తాగింది.

"బాగా నడిచింది అత్తయ్యా. ఒక్క మాట చెప్పనా? ఇకనుంచి గొలుసుకి నువ్వే నూనె పెట్టాలి. కొట్టువాళ్లు చిన్న సీసా ఇచ్చేరు, అందులోది. ఆ మెరిసే పళ్లేలకి మాత్రం పెట్టకు. అవి బ్రేకులు. వాటికి నూనె తగిలితే పట్టు ఉండదు."

అక్కయ్య గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది. చొక్కా చేతికి మోచేతి దగ్గర తడిమచ్చ ఊరింది. ఆవిడ చూపు అక్కడికి వెళ్లింది. తర్వాత నా ముఖం మీదకి వచ్చింది. నేను పొద్దున్న చెప్పిన సీసా అబద్ధం నా ముఖం మీదే ఉండి ఉంటుంది.

వంగి, హారిక చొక్కా చేతిని మెల్లగా పైకి మడిచింది. చూసింది. మళ్లీ కిందికి దింపింది.

"ఏట్లో పడ్డావా?"

"లేదు అత్తయ్యా. గడ్డిలో. సైకిలే పడింది."

"దిగి నడవమన్నాను."

"అన్నావు."

"ఆ పళ్లేల సంగతి కొట్టువాళ్లు శనివారమే చెప్పేరా?"

"చెప్పేరు," అన్నాను నేను.

"నాతో ఒక్క ముక్క అనుండాల్సింది కదరా తమ్ముడూ. నేను పలకకపోతే మాత్రం, వినిపించదా నాకు?"

ఆవిడే హారిక కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది. "తిను. రేపు మళ్లీ వెళ్లాలి కదా," అంది. వెళ్లద్దని అనలేదు. హారిక తలెత్తకుండా తింది. అన్నం మీద రెండు కన్నీటి బొట్లు పడ్డాయి. నేను చూడనట్టు నెయ్యి గిన్నె దాని వైపు జరిపాను.

నేను పడుకోబోతూ అరుగు మీదకి వచ్చేసరికి కొబ్బరికాయల కొట్టు ఖాళీగా ఉంది. అక్కయ్య సైకిలుని ఒక చేత్తో సీటు, ఒక చేత్తో హ్యాండిలు పట్టుకుని, పసిపిల్లని నడిపించినట్టు నడిపిస్తూ మెట్లెక్కిస్తోంది. సాయం చేద్దామని వెళ్లాను. తలతోనే వద్దంది. గడప దగ్గర ముందు చక్రం ఎత్తింది, తర్వాత వెనక చక్రం. డిస్కుకి చెయ్యి తగలకుండా చూసుకుంది. ముందుగదిలో, హారిక పడుకునే గది పక్క గోడకి ఆనించి, కింద పాత గోనె పరిచింది. కొంగుతో హ్యాండిలు మీద మట్టి తుడిచి, కొంగు చివర ఒకసారి వాసన చూసుకుంది.

తర్వాత దీపం ఆర్పి, మడతబందులు కిర్రుమనకుండా రెండు తలుపులూ మెల్లగా దగ్గరకి వేసింది.